సంపు నిండలేదు

మొదటి పాట రికార్డు చేసిన ఉదయం గదిలో ఉన్న మనుషులు ఇద్దరు: అన్న, నేను. ఉన్న వస్తువులు: ఒక హార్మోనియం, అందులో ఒక మెట్టు పలకదు, నా ఆఫీసు ల్యాప్‌టాప్, కోఠీలో కొన్న మైకు, గాలి తగలకుండా దానికి తొడిగిన నా సాక్సు, ఉతికినదే, రెండు స్టీలు గ్లాసుల్లో టీ, ఆపేసిన సీలింగ్ ఫ్యాను, వీధి చప్పుడు రాకుండా కిటికీకి అడ్డంగా కట్టిన బొంత, హార్మోనియం పెట్టె మీద, బంజారా హిల్స్‌లోని ఒక ఆసుపత్రి ఇచ్చిన గోధుమరంగు కవరు.

కవరులో ఏముందో ఇద్దరికీ తెలుసు. అన్న గొంతులో, స్వరపేటిక మీద పెరుగుతున్నది మంచి గడ్డ కాదు. పేటిక మొత్తం తీసేయాలి. తీశాక మెడ ముందు వైపు పెట్టే రంధ్రంలోంచి ఊపిరి పీల్చుకోవాలి. మాట ఉండదు, పాట ఉండదు. నెల దాటి ఆగితే తన పూచీ లేదని డాక్టరు చెప్పారు. అన్న ఆ నెల అడిగి తీసుకున్నాడు.

అన్న నాకు బంధువు కాదు. నేను మోతీనగర్‌లో పుట్టి పెరిగాను. ఇంట్లో మా సొంత అన్నకు పెళ్లయ్యాక గదులు చాలక, ఆఫీసుకు దగ్గరని ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడమీది గదికి కిరాయికి దిగాను. ఆ గదిలో అప్పటికే ఉన్న మనిషి ఈయన. ఊరు కోనసీమ. సినిమాల్లో పాడదామని వచ్చి ట్రాక్ సింగర్‌గా ఉండిపోయాడు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "శ్రుతి కుదరలేదండీ" అనేవాడు. నేను హైటెక్ సిటీలో టెస్టింగ్ ఇంజనీరును. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, వాటికి వరస నంబర్లు వేసి పంపడం నా పని. మా ఇద్దరికీ కలిసిన చోటు పాట. ఆయన పాడేవాడు, నేను రికార్డు చేసేవాణ్ణి.

ట్రాక్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పాలి. ఫిల్మ్‌నగర్‌లో ట్యూను ముందు పుడుతుంది, మాటలు తర్వాత వస్తాయి. ట్యూను వినిపించడానికి ఏవో కొన్ని మాటలు కావాలి కనుక నోటికొచ్చినవి పెట్టి పాడతారు. వాటిని డమ్మీ మాటలంటారు. ట్యూను దర్శకుడికి నచ్చాక రచయిత అసలు మాటలు రాస్తాడు. వాటితో ట్రాక్ సింగర్ మళ్లీ పాడతాడు. అది విని నేర్చుకుని, చెన్నైలోనో ముంబైలోనో పేరున్న గాయకుడు పాడతాడు. అతని గొంతు రాగానే ట్రాక్ గొంతు తీసేస్తారు. ఎప్పుడో ఒకసారి ట్రాక్ గొంతే బాగుందనిపించి ఉంచేస్తారు. దానికి అక్కడి మాట 'కీప్'. "ఈసారి నీ గొంతు కీప్ చేద్దాం" అని ప్రతి సంగీత దర్శకుడూ ప్రతి ట్రాక్ సింగర్‌తో అంటాడు. అన్నతో చాలామంది అన్నారు. ఒక్క పాటా కీప్ కాలేదు.

ఆ నెలలో ఆయనకు కావలసింది అదొక్కటే. గొంతు పోయేలోగా ఒక్క పాటైనా తన గొంతుతోనే సినిమాలో ఉండిపోవాలి. అది తన చేతిలో లేదు కనుక, చేతిలో ఉన్న పని ఒకటి పెట్టుకున్నాడు.

"రోజుకో పాట కడతాన్రా. నువ్వు రికార్డు చేసి ఇంటర్నెట్టులో పెట్టెయ్. వాళ్లు కీప్ చెయ్యకపోతే మనమే చేసుకుందాం."

"గొంతుకు రెస్ట్ ఇయ్యమన్నడు గదన్నా డాక్టరు?"

"పాత ఇనుముకి పోయే బండికి ఎవడన్నా సర్వీసింగ్ చేయిస్తాడా? పెట్రోలున్నంత సేపూ తిప్పడమే."

నియమాలు ఆయనే చెప్పాడు. పాట టిఫిన్‌కు ముందే అయిపోవాలి. మాటలు గదిలోంచో మెట్లమీంచో వీధిలోంచో రావాలి. చందమామనూ మనసునూ ముట్టుకోకూడదు. పాటకు ముందు నాలుగు వాక్యాల కబురు ఉండాలి, అది విని ఎవరో ఒకరు నవ్వాలి. జబ్బు సంగతి ఎక్కడా రాకూడదు. నేను ఒక బ్లాగు తెరిచాను. దానికి 'పొద్దుటి కూత' అని పేరు పెట్టమన్నాడు.

"కోడికి పెట్టే పేరు గదన్నా అది."

"కోడికీ నాకూ తేడా ఏముందిరా? ఇద్దరికీ మెడకాయ దగ్గరే గండం."

అలా మొదలైంది. ఒక రోజు పాట నా మెడలో వేలాడే ఆఫీసు కార్డు గురించి. కబురు ఇది: "మా ఊళ్లో గేదె మెడలో పలుపు వేస్తే పాలిచ్చేది. ఇక్కడ మా తమ్ముడి మెడలో వేశారు, రిపోర్టులిస్తున్నాడు." ఇంకో రోజు చెక్‌పోస్టు చౌరస్తా సిగ్నల్ మీద జోలపాట. ఎర్రదీపం పడింది, నిద్రపో నాన్నా, పచ్చదీపం పడేసరికి నీకు మీసాలొస్తాయి అని. మరో రోజు జూబ్లీహిల్స్ గేట్ల మీద: "అన్ని గేట్లకూ కుక్కలున్నాయి జాగ్రత్త అని బోర్డులున్నాయి. మనుషులున్నారో లేదో ఎక్కడా రాయలేదు." ఓనరమ్మ ఇచ్చిన నిమ్మకాయ పచ్చడి మీద ఒక ప్రార్థన. ఇడ్లీ బండి చట్నీలో పల్లీలు కనపడటం లేదని ఒక శోకగీతం. అది నిజంగానే ఏడుపు రాగంలో కట్టాడు. మాటలకు నవ్వి, రాగానికి నేను ల్యాప్‌టాప్ వంక చూస్తూ కూర్చున్నాను.

వినేవాళ్లు కొద్దిమందే. ఎవరో ఒకాయన, "మీ గొంతులో ఆ గరుకు అద్భుతం సార్, ఎలా సాధించారు?" అని రాశాడు.

"కఠోర సాధన అని రాయరా," అన్నాడు అన్న.

ఎండలు ముదిరిన ఒక వారం నీళ్ల ట్యాంకరు రాలేదు. ఇంటి ముందు నేలలో కట్టిన నీళ్ల తొట్టిని హైదరాబాదులో సంపు అంటారు. మా సంపు అడుగున పచ్చటి చెమ్మ తప్ప ఏమీ లేదు. అన్న పొద్దున్నే బకెట్టుతో దిగి, ఖాళీ బకెట్టుతో ఎక్కి వస్తూ, మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. అక్కడ గొంతు బాగా మోగుతుందని మైకు తెమ్మన్నాడు.

సంపూ... సంపూ... నిండలేదే సంపూ
బోర్లించిన బకెట్టునయ్యా, ఇంకా ఎంతసేపూ

నెమ్మదైన ట్యూను. 'సంపూ' దగ్గర గొంతు కిందికి జారి, ఎవరినో అడుగుతున్నట్టు ఆగి, మళ్లీ లేచేది. రెండోసారి ఎత్తుకున్నప్పుడు కింద తలుపు తెరుచుకుని ఓనరమ్మ చీపురుతో బయటికొచ్చింది. ఆమె పుట్టిల్లు బోరబండ.

"ఏందయ్యా, పొద్దుగాల పొద్దుగాల సంపు సంపు అని మొత్తుకుంటున్నవ్? ఎవల్ని సంపాలె?"

"నీళ్ల సంపండీ పెద్దమ్మగారూ. మన సంపే."

"నీళ్లు రాకుంటే నేనేం జేస్త? పోయి ఆ ట్యాంకరోన్ని సంపు."

"ఇల్లెక్కడో చెప్పండి, పాడి సంపేస్తాను."

"నీ పాటకైతే సస్తడు తియ్," అని లోపలికి వెళ్లిపోయింది.

మా తెలంగాణ మాటలో చంపడమంటే సంపుడు. కోనసీమ అన్నకు సంపంటే నీళ్ల తొట్టి ఒక్కటే. ఇన్నేళ్లుగా రోజూ అంటున్న మాటకు ఇలాంటి అర్థం ఉందని ఆయనకు అప్పుడే తట్టింది. నవ్వి నవ్వి దగ్గు తెరలో పడ్డాడు. దగ్గుతో సహా ఆ రికార్డింగే పెట్టాం.

ఆ శనివారం ఆయన్ని స్కూటర్ మీద జూబ్లీహిల్స్‌లోని ఒక స్టూడియోకు తీసుకెళ్లాను. బంగళా కింది భాగంలో ఉండేది. అక్కడి సంగీత దర్శకుడికి అన్న చాలా ఏళ్లుగా ట్రాకులు పాడుతున్నాడు. అక్కడ ఎవరికీ జబ్బు సంగతి తెలియదు. టాన్సిల్స్ ఉన్నాయి, చిన్న ఆపరేషన్ ఉందని మాత్రం చెప్పి ఉంచాడు. తెలిస్తే పాడనివ్వరని భయం.

లోపల సినిమా దర్శకుడు కూర్చుని ఉన్నాడు. మా వైపు కుర్రవాడే, మొదటి సినిమా. హీరో పాడే మొదటి పాట కోసం అప్పటికి చాలా ట్యూన్లు విని కాదన్నాడట.

"ఇవన్నీ ఏడనో విన్నట్టే ఉన్నయ్ సార్. నాకు గుండెల గుచ్చుకోవాలె."

"టీ తాగుదాం సార్, గుచ్చుకుంటుంది," అన్నాడు సంగీత దర్శకుడు నీరసంగా.

టీ వచ్చింది. అన్న ఒక మూల నిలబడి, గ్లాసు ఊదుకుంటూ, అలవాటుగా పొద్దుటి పాట తీస్తున్నాడు. దర్శకుడు గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, ఏమన్నవ్? మళ్ల పాడు."

అన్న పాడాడు.

"సంపు! అబ్బా... పోరి ఇట్ల ఎనకకు మల్లి చూస్తది. వీడంటడు, సంపు, నీ చూపుతోని సంపు. కిరాక్ ఉంది సార్! గిన్ని రోజులు గీ మాట ఏడ దాసిండ్రు?"

"అంటే అండీ, అది నీళ్ల..." అని అన్న మొదలుపెట్టాడు. సంగీత దర్శకుడు ఆయన కాలు తొక్కాడు.

"నీళ్లంత తేటగా ఉండాలని సార్, మావాడి ఉద్దేశం."

దర్శకుడు వెళ్లాక వాకిట్లో ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను స్కూటర్ దగ్గర నిలబడి విన్నాను.

"ఆ ట్యూను నాకిచ్చెయ్యి."

"తీసుకోండి. పేరు కూడా మీదే వేసుకోండి. నా గొంతు కీప్ చెయ్యండి చాలు."

"తప్పకుండా చేద్దాం..."

"ఆ తప్పకుండా నాకు అలవాటేనండీ. ఈసారి మిక్సింగ్‌కి నా గొంతే వెళ్లాలి. ఇంకెప్పుడూ అడగను."

సంగీత దర్శకుడు ఆయన మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో అన్న అలా అడగడం అదే మొదటిసారి అయి ఉండాలి. చెయ్యి చాచి, "మాట," అన్నాడు. చెడ్డవాడు కాదు. ఇచ్చిన మాట కోసం చివరిదాకా తన వంతు చేశాడు.

తిరుగు దారిలో నేను ఊరుకోలేకపోయాను. "నీ ట్యూను మీద వాళ్ల పేరేంది అన్నా?"

"ట్యూన్లు రోజుకొకటి పుడుతున్నాయి కదరా. గొంతు ఒక్కటేగా ఉంది."

రచయిత 'సంపు'ను అలాగే ఉంచి చుట్టూ అసలు మాటలు రాశాడు. రికార్డింగ్ రోజు అద్దానికి ఇవతల నేను, సంగీత దర్శకుడు, సినిమా దర్శకుడు, సౌండ్ ఇంజనీరు. అవతల అన్న. అప్పటికి ఆయనకు మింగడం కష్టమైంది. రెండు లైన్లకొకసారి వేడినీళ్లు తాగాడు. గొంతు బాగా రాసుకుపోయి ఉంది, ఇంకో రోజు పెట్టుకుందామా అన్నాడు సౌండ్ ఇంజనీరు.

"వద్దు వద్దు. గదే మంచిగున్నది," అన్నాడు సినిమా దర్శకుడు. "గీసుకపోయిన గొంతు. ప్రేమల పడ్డోడు గట్లనే పాడాలె. ఇగ వేరేటోళ్లు నాకొద్దు."

సంగీత దర్శకుడు మైకు మీట నొక్కి, లోపలున్న అన్నకు వినపడేలా ఒక్క మాటే అన్నాడు. "కీప్."

అన్న తల ఊపాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. చెక్‌పోస్టు దాకా వచ్చాం. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు వెనకనుంచి నా భుజం తట్టాడు.

"రేపటి కబురు రాసుకో. ఇన్నేళ్లూ ట్రాకు మీద నడిచాను. ఇవాళ రైలెక్కించారు."

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రిలో, టిఫిన్ లేదు కనుక టిఫిన్‌కు ముందే, చివరి పాట కట్టాడు. వాళ్లిచ్చిన అంగీ మీద. ముందు గుండీ లేదు, వెనక తలుపు లేదు, మర్యాదస్తులెవ్వరూ నిలబడలేరు ఈ చొక్కాలో అని. నా ఫోన్‌లోనే రికార్డు చేశాను. నర్సు ఒకామె నవ్వి, గొంతు పెద్దది చేయొద్దని చెప్పింది.

"ఇంకోసారి పాడనా?" అని నన్నడిగి, తనే, "వద్దులే, నవ్వారుగా," అన్నాడు.

స్ట్రెచర్ తోసే అతను మలుపు దగ్గర బండిని కొంచెం విసురుగా తిప్పాడు. "బాబూ, తల జాగ్రత్త. ఖాళీదే అయినా నాదే," అన్నాడు అన్న. ఆయన గొంతుతో నేను విన్న చివరి మాట అదే.

ఆ తర్వాత పలక కొన్నాను. చిన్నపిల్లలు అఆలు దిద్దుకునే పలకే. మెడకు గుడ్డ చుట్టుకుని, దిండుకు ఆనుకుని, బలపంతో రాసేవాడు. మొదటిరోజు రాసింది: "ఇక నువ్వు ఎంత తిట్టినా ఎదురు చెప్పను." నేను నవ్వాలని నా వంక చూస్తూ ఉన్నాడు. నవ్వాను.

ఆయన గదికి తిరిగి వచ్చాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం సంగీత దర్శకుడు ఫోన్ చేశాడు. అన్న ఫోన్ అప్పటికి నా దగ్గరే ఉండేది.

"మీవాడెప్పుడొస్తాడయ్యా? టాన్సిల్సేగా, తగ్గిపోయి ఉంటుందిగా."

"ఏమైంది సార్?"

"ఏముంది, ప్రొడ్యూసర్ గారు నిన్న పాట విన్నారు. ఆయనకి బ్రహ్మాండంగా నచ్చింది. కానీ సినిమాలో మొదటి పాట, మొదటి మాట చంపు ఏంటయ్యా, మన సినిమాని మనమే చంపుకున్నట్టు కాదూ అని కూర్చున్నారు. అపశకునమట. డైరెక్టర్ కొట్లాడాడు, వినలేదు. చివరికి రచయిత గారు 'నింపు' అన్నారు. కళ్లలో నింపు, గుండెలో నింపు. అందరికీ ఓకే. ఒక్క అక్షరం. 'సం' తీసి 'నిం' పెట్టడమే. పావుగంట పని. సోమవారం పాట ఇచ్చెయ్యాలి, మీవాణ్ణి రేపు పంపించు."

నేను ఆఫీసు వరండాలోకి నడిచి, అక్కడ నిలబడి చెప్పాను. గడ్డ గురించి, తీసేసిన పేటిక గురించి, పలక గురించి.

"నాతో టాన్సిల్స్ అన్నాడే," అన్నాడు అవతలనుంచి. తర్వాత, నాతో కాదన్నట్టు, "ఒక్క అక్షరం," అన్నాడు.

ఆ ఒక్క మాట ఇంకొకరితో పాడించి అతికించడం కుదరదు. పల్లవిలో ప్రతి లైనూ దానితోనే మొదలవుతుంది. లైనుకు రెండు గొంతులుంటాయి. మాట మారాలంటే గొంతు మారాలి. ఆయన నోరు తెరిచి ఆ సంగతి చెప్పకముందే నేను అడిగాను. "అన్న పాడిన ఫైలు నాకిస్తరా సార్? సోమవారం పొద్దుటికి నేను చేసి తెస్త."

"ఎలా చేస్తావ్?"

"అన్న గొంతు నా దగ్గరుంది సార్. ఒక నెల గొంతు."

"చెయ్యి. కానీ అన్నీ కుదరాలి. ఒక్కచోట నత్తిలా వినపడినా జనం నవ్వుతారు."

అన్నకు చెప్పాను. పలక మీద 'నింపు' అని రాసుకుని కాసేపు చూసి, కింద రాశాడు: "నయమే. నీళ్లొస్తాయి." ఆ తర్వాత చెరిపేసి, "చెయ్యగలవా?" అని రాశాడు. ఈసారి దాంట్లో హాస్యం లేదు.

శనివారం పొద్దున పని మొదలుపెట్టాను. 'సంపు'లో 'పు' పనికొస్తుంది. కావలసింది 'నిం'. రోజువారీ పాటల్లో 'ని' ఉన్న మాటలన్నీ వెతికి రాసుకున్నాను: మెట్ల మీది పాటలో నిండలేదే, పచ్చడి పాటలో నిమ్మకాయ, జోలపాటలో నిద్రపో, ఆసుపత్రి పాటలో నిలబడలేరు. ఇంకా కొన్ని. ఒక్కొక్కదాన్నీ కోసి, శ్రుతి మార్చి, నిడివి సర్ది, 'పు' ముందు పెట్టి వినాలి. గదిలో పాడినవన్నీ తక్కువ శ్రుతిలో ఉన్నాయి. కొన్నింటి వెనక కాకి ఉంది, కొన్నింటి వెనక ఓనరమ్మ కుక్కర్ ఉంది. వీటికి మార్గాలున్నాయి. మధ్యాహ్నానికి నిమ్మకాయలోంచి ఒక మంచి 'నిం' తయారైంది. ఒంటరిగా వింటే బాగుంది. పాటలో పెడితే బాగాలేదు. ఎక్కడ తేడా వస్తోందో పట్టుకోవడానికి ఫైళ్లన్నీ మొదటి రోజు నుంచీ వరసగా వినడం మొదలుపెట్టాను.

రోజూ పక్కనే ఉండి వింటున్నప్పుడు నాకు తెలియనిది అప్పుడు తెలిసింది. మొదటి వారం గొంతులో పై స్వరాలు తేటగా ఉన్నాయి. రెండో వారం వాటి అంచున పొడి ఇసుక లాంటి శబ్దం చేరింది. మూడో వారం ఆయన పై స్వరాలకు వెళ్లడం మానేసి ట్యూన్లనే కిందికి దింపుకున్నాడు. నేనప్పుడు అది కొత్త శైలి అనుకున్నాను. స్టూడియోలో పాడిన రోజు గొంతు చివరి వారానిది. దానికి అంతకు ముందు గొంతు అతకదు. నిమ్మకాయ పాడిన మనిషి, సంపు పాడిన మనిషి ఒక్కరు కారు. సరిపోయేది ఆసుపత్రిలో పాడిన 'నిలబడలేరు' ఒక్కటే. అది ఫోన్‌లో చేసిన రికార్డింగు, వెనక ఏసీ హోరు.

ఆయనకు వినపడకూడదని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఆదివారం ఆయన వచ్చి పక్కన కూర్చుని, హెడ్‌ఫోన్లు నా చెవుల మీంచి తీసి తను పెట్టుకున్నాడు. ఆడుతున్నది మొదటి వారం జోలపాట. చివరిదాకా విన్నాడు. పలక అందుకుని, "వీడెవడో బాగా పాడుతున్నాడు," అని రాశాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన నా వీపు మీద రెండుసార్లు తట్టి లేచి వెళ్లి, టీ పెట్టాడు.

సోమవారం పొద్దున ఇద్దరం స్టూడియోకు వెళ్లాం. మెడకు సిల్కు రుమాలు కట్టుకున్నాడు. సంగీత దర్శకుడు ఎదురొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. సినిమా దర్శకుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పాట పెట్టాను.

మొదటి నింపు కుదిరింది. రెండోది, మూడోది కుదిరాయి. సంగీత దర్శకుడు కళ్లు మూసుకుని వేళ్లతో లెక్కపెడుతున్నాడు. మొదటి చరణం దాటి పల్లవి మళ్లీ ఎత్తుకున్నచోట, పై స్థాయిలో, 'నిం' గొంతులోంచి కాక రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. సినిమా దర్శకుడు తల దించుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ బాగుంది. మళ్లీ ఒకచోట విరిగింది.

పాట అయిపోయింది. బలపం చప్పుడు వినపడింది. అన్న పలక పైకెత్తి చూపించాడు.

"గాయకుడికి నత్తి ఉన్నట్టుంది. మార్చండి."

"జర ఆగుదాం సార్," అన్నాడు సినిమా దర్శకుడు. "నేనింకోసారి పోయి ప్రొడ్యూసర్ కాళ్లు పట్టుకుంట. సంపు అనే ఉంచుదాం."

అన్న అడ్డంగా తల ఊపాడు. చెరిపి మళ్లీ రాశాడు. "మొదటి సినిమా. గొడవ వద్దు తమ్ముడూ."

సంగీత దర్శకుడు నావైపు తిరిగి, "బాగా చేశావయ్యా," అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి అన్న పలకను ఒళ్లో బోర్లా పెట్టేశాడు.

మధ్యాహ్నం కొత్త గాయకుడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. నేర్చుకోవడానికి అన్న పాడిన ట్రాకే పెట్టారు. అన్న ఎదురుగా కూర్చుని తొడ మీద తాళం వేస్తూ, ఎక్కడ జారాలో ఎక్కడ ఆగాలో చేత్తో చూపించాడు.

"సార్, పల్లవి మాట దగ్గర మీరు కొంచెం లాగి ఆపారు కదండీ," అన్నాడు ఆ అబ్బాయి. "ఏం ఫీలవ్వాలి అక్కడ?"

అన్న పలక మీద రాశాడు: "నీళ్ల కోసం ఎదురుచూపు."

"ఓ. దాహం," అన్నాడు ఆ అబ్బాయి, గౌరవంగా. బాగానే పాడాడు.

ఆ ఏడాది ఆటోల్లో, పెళ్లి బ్యాండుల్లో, మా ఆఫీసు వార్షికోత్సవంలో ఆ పాట మోగింది. అన్న ఇప్పటికీ అదే గదిలో ఉంటాడు. సంగీత దర్శకుడు కీబోర్డు పని ఇస్తున్నాడు. పొద్దుటి కబురు ఆయన రాస్తాడు, నేను పెడతాను. దాని కింద పాట ఉండదు.

నేను అతికించిన ఫైలు నా దగ్గరే ఉంది. పాటలో నింపు అనే మాట మొత్తం ఇరవై నాలుగుసార్లు వస్తుంది. అతుకు వినపడకుండా కుదిరినవి పంతొమ్మిది.